ఆండ్రోజన్ గ్రాహకానికి పరీక్ష

కొందరిలో ఎక్స్‌వై క్రోమోజోములున్నా, పురుషుల స్థాయిలో టెస్టోస్టెరాన్ ఉన్నా బాహ్యరూపం స్త్రీదే. ఇది సంపూర్ణ ఆండ్రోజన్ ఇన్‌సెన్సిటివిటీ సిండ్రోమ్. 1953లో అమెరికా వైద్యుడు జాన్ మోరిస్ దీన్ని సవివరంగా వర్ణించారు. లోపం పురుష హార్మోన్ ఆండ్రోజన్‌ది కాదు, దాన్ని అందుకోవాల్సిన గ్రాహకానిది.

ఈ లోపాన్ని గుర్తించడానికి, జననాంగ చర్మం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్ట్ కణాలను ప్రయోగశాలలో పెంచి, రేడియోధార్మిక ఆండ్రోజన్ కలిపి, గ్రాహకానికి ఎంత అతుక్కుందో కొలిచేవారు. చిక్కేమిటంటే, కొందరిలో హార్మోన్ మామూలుగానే అతుక్కుంటుంది. ఆ తర్వాత గ్రాహకం డీఎన్‌ఏను పట్టుకోలేదు. అలాంటి లోపం ఈ పరీక్షకు చిక్కదు. అందుకే 1988లో, ఈ గ్రాహకాన్ని తయారుచేసే ఏఆర్ జన్యువును క్లోన్ చేశాక, క్రమంగా జన్యు సీక్వెన్సింగ్‌దే పైచేయి అయింది.

ఏఆర్ జన్యువు ఉండేది ఎక్స్ క్రోమోజోముపై. పురుష హార్మోన్ కదా అని తొందరపడి ‘వై’పై ఉంటుందనుకోకండి.