అంజమ్మకు తోడు

అంజమ్మ వయసు 42 ఏళ్ళు. ఆమెది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. భర్త పేరు మల్లయ్య. వాళ్ళకు రెండెకరాల పత్తి చేను ఉంది. కూతురు పెళ్ళయి అత్తగారింటికి పోయింది. కొడుకు పదో తరగతి చదువుతున్నాడు.

ఒకరోజు స్నానం చేస్తుంటే అంజమ్మ చేతికి గడ్డ తగిలింది. ఎడమ రొమ్ములో ఉంది. రేగుపండంత ఉంది. నొప్పి లేదు. "నొప్పి లేదు గదా, అదే పోతది" అనుకుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఏడు నెలలు గడిచాయి. గడ్డ నిమ్మకాయంత అయింది. అప్పుడు ఆశా కార్యకర్తకు చెప్పింది.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. రొమ్ములో గడ్డ నొప్పి పెట్టకపోయినా చూపించుకోవాలి. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. అన్ని గడ్డలూ క్యాన్సర్ కావు. కానీ ఏది అవునో, ఏది కాదో చేత్తో తడిమి మనం చెప్పలేం.

ఆశా కార్యకర్త వాళ్ళను హైదరాబాదు పంపింది. అక్కడ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అది సర్కారు దవాఖాన. లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లో ఉంది. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. తర్వాత కీమో ఇవ్వాలన్నారు. కీమో అంటే నరంలోకి మందు ఎక్కించడం. సెలైన్ ఎక్కించినట్టే ఉంటుంది. మూడు వారాలకు ఒకసారి, మొత్తం ఆరుసార్లు రమ్మన్నారు.

ఆరోగ్యశ్రీ కింద డబ్బు కట్టే పని లేకుండా వైద్యం జరిగింది. ఆ పథకం 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాన్ని 10 లక్షల రూపాయల దాకా పెంచారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు ఉంటారు. ఆధార్ కార్డు, రేషన్ కార్డు తీసుకుపోయి వారిని అడగాలి.

డబ్బు సంగతి అట్లా తీరింది. కానీ మనిషి సంగతి తీరలేదు.

అంజమ్మ ఇంటికి వచ్చిన రోజు ఊరంతా చూడవచ్చింది. అందరూ ఒకటే మాట అన్నారు. "ధైర్యంగ ఉండు." అని వెళ్ళిపోయారు. పక్కింటి బాలమణి కూడా వచ్చింది. బాలమణి అంజమ్మను వదినా అని పిలుస్తుంది. ఇద్దరూ ఒకే మహిళా సంఘంలో ఉన్నారు. బాలమణి అంజమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "మా మేనత్తకు గూడ గిదే రోగం వదినా. ఆర్నెల్లు గూడ బతకలే" అన్నది.

అంజమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది.

బాలమణి చెడ్డ మనిషి కాదు. ప్రేమతోనే అన్నది. కానీ ఆ మాట అంజమ్మకు మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. ఒకరి రోగం మరొకరి రోగంలాగా ఉండదు. గడ్డ ఎక్కడ పుట్టింది, ఎంత పాకింది, ఎప్పుడు చూపించుకున్నారు, ఏ మందు ఇచ్చారు, అన్నీ వేరువేరు. చనిపోయినవాళ్ళ కథ మంచం పక్కన చెప్పే కథ కాదు.

మొదటి కీమో అయింది. రెండు వారాలు దాటాయి. ఒక పొద్దున లేచేసరికి దిండు నిండా వెంట్రుకలు. అంజమ్మ జడ నడుము దాకా ఉండేది. నాలుగు రోజుల్లో తల అక్కడక్కడ బోడి అయింది. బావి దగ్గర ఒకామె, "మొగుడుండంగనే గుండాయెనా" అన్నది. ఆ మాట అంజమ్మ చెవిన పడింది.

ఇంట్లో ఇంకొకటి జరిగింది. అంజమ్మ యారాలు ఎల్లమ్మ ఆమెకు వేరే పళ్ళెం పెట్టింది. వేరే స్టీలు గ్లాసు పెట్టింది. గ్లాసు అడుగున ఎర్ర రంగు పూసింది, కలవకుండా. అంజమ్మ ఏమీ అనలేదు. ఆ గ్లాసుతోనే నీళ్ళు తాగింది.

రెండో కీమో కూడా అయింది. వాంతులు, నోట్లో పుండ్లు, నీరసం. అప్పుడు దూరపు చుట్టం ఒకాయన వచ్చాడు. "కత్తి తగిలితే పాకుతది. గా మందు మనిషిని కాలుస్తది. ఆపెయ్యిరి. పసరు తాగితే పోతది" అన్నాడు. మల్లయ్యకు కూడా భయం పట్టుకుంది. భయమైనప్పుడు ఆయన అరుస్తాడు. "ఇగ పోయేది లేదు" అని అరిచాడు. అంజమ్మ కూడా సరే అన్నది.

జూలై 27, ఆదివారం. బాలమణి మళ్ళీ వచ్చింది. అంతకుముందు అన్న మాట ఆమెకు గుర్తుంది. అందుకే ఈసారి ఏమీ అనలేదు. మంచం పక్కన కూర్చుంది. గూట్లో ఆసుపత్రి కార్డు కనిపించింది. తీసి చూసింది.

బాలమణి రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కార్డు మీద అక్షరాలు ఇంగ్లీషువి. అవి ఆమెకు రావు. కానీ అంకెలు అవే కదా. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. 11-6. దాని కింద 2-7. దాని కింద 23-7.

"వదినా, 23 అయిపోయి నాలుగు రోజులాయె. పోలేదా?"

అంజమ్మ చెప్పింది. చుట్టం మాట చెప్పింది. బావి దగ్గర మాట చెప్పింది. గ్లాసు సంగతి చెప్పింది. ఏడ్చింది. చివరికి "ఇంకా ఎన్నిసార్లు కాల్చుకోవాలె బాలమణీ" అన్నది.

మీరయితే ఇక్కడ ఏమనేవారు? పుస్తకం పక్కన పెట్టి ఒక్క నిమిషం ఆలోచించండి.

బాలమణి "ఏం కాదు" అనలేదు. ఏమవుతుందో ఆమెకు తెలియదు. "ధైర్యంగ ఉండు" అనలేదు. "నీకు శానా కష్టమైతున్నది" అన్నది. ఎర్ర రంగు గ్లాసులో కొన్ని నీళ్ళు మిగిలి ఉన్నాయి. దాహమేసి వాటిని తాగింది. అప్పుడు అడిగింది.

"వదినా, మన చేన్ల కలుపు ఒక్కసారి తీసి ఊకుంటమా?"

అంజమ్మ తల అడ్డంగా ఊపింది.

"సగం తీసి ఇడిస్తే?"

"మల్ల మొలుస్తది."

"రేపు మొదటి బస్సుకు నేనొస్త. డాక్టరమ్మను మనమే అడుగుదాం. ఆమె ఆపుమంటే ఆపుదాం."

చూడండి, బాలమణి తనకు తెలియనిది తెలిసినట్టు చెప్పలేదు. అడుగుదాం అన్నది. నేనొస్త అన్నది. రోజు చెప్పింది. బస్సు చెప్పింది.

తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. 2023 డిసెంబరు 9 నుంచి ఈ ఏర్పాటు ఉంది. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. తోడు వెళ్ళే ఆడవాళ్ళకూ అంతే. బాలమణికి పోయింది ఒక రోజు కూలి మాత్రమే. కలుపు తీసే రోజుల్లో అదేమీ తక్కువ కాదు. అయినా పోయింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. మెల్లగా చెప్పింది. క్యాన్సర్ కణాలు ఆపు లేకుండా పెరుగుతాయి. వేగంగా పెరిగే కణాలను కీమో మందు చంపుతుంది. వెంట్రుకల కుదుళ్ళు, నోటి లోపలి పొర కూడా వేగంగా పెరిగేవే. అందుకే జుట్టు ఊడుతుంది. అందుకే నోరు పూస్తుంది. కలుపు మందు కొడితే పక్కన పైరు ఆకు కూడా కొంచెం మాడినట్టు. ఆ పైరు మళ్ళీ కోలుకోవాలని మూడు వారాల వ్యవధి ఇస్తారు. కీమో అన్నీ పూర్తయ్యాక కొన్ని వారాలకు, నెలలకు జుట్టు మళ్ళీ వస్తుంది. మధ్యలో ఆపితే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్ళీ పెరగవచ్చు. కత్తి తగిలితే పాకుతుందన్నది నిజం కాదు. పసరు సంగతి కూడా దాచకుండా చెప్పమన్నది. కొన్ని పసర్లు కీమో మందుతో కలిస్తే కాలేయం చెడవచ్చు.

బాలమణి గ్లాసు సంగతి అడిగింది. డాక్టరమ్మ నవ్వింది. "ఆమె రోగం మీకు అంటదు. మీ జలుబే ఆమెకు అంటుతుంది" అన్నది. కీమో రోజుల్లో రక్తంలో తెల్లకణాలు తగ్గుతాయి. రోగాన్ని ఆపే బలం తగ్గుతుంది. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళు ఆమె దగ్గరికి పోకూడదు. చూడబోయేవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నీళ్ళు కాచి చల్లార్చి ఇవ్వాలి. అంజమ్మకు చలిజ్వరం వచ్చినా, ఒళ్ళు 100.4 డిగ్రీలు దాటినా ఆగకూడదు. గోలీ ఇచ్చి పడుకోబెట్టకూడదు. రాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ మాట డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

బాలమణి ఒక నోటుబుక్కు కొన్నది. అందులో కీమో తారీఖులు రాసింది. జ్వరం ఎంతో రాసింది. డాక్టరమ్మను అడగాల్సినవి గుర్తొచ్చినప్పుడల్లా రాసింది. రాత కొంచెం వంకరగా ఉంటుంది. దానికేం, చదవవస్తే చాలు.

తిండి విషయంలో బాలమణి మొదట పొరపాటు చేసింది. బలం రావాలని కారం వేసి కోడికూర వండి తెచ్చింది. వాసనకే అంజమ్మకు వాంతి అయింది. అప్పటినుంచి అడిగి వండింది. "ఏం తినబుద్ధయితున్నది వదినా?" జొన్న గట్క, పలుచని మజ్జిగ అన్నది అంజమ్మ. ఇంకోరోజు ఉడికిన గుడ్డు. ఇంకోరోజు మెత్తటి పప్పన్నం. ఒకేసారి పళ్ళెం నిండా పెట్టకుండా గంటకోసారి కొంచెం కొంచెం పెట్టారు. పోపు వాసన పడదు కాబట్టి తాలింపు బాలమణి ఇంట్లోనే పెట్టేది. నోటి పుండ్లకు ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలించమన్నారు. ఊరగాయ మానిపించారు. అది మాత్రం అంజమ్మకు నచ్చలేదు.

ఎడమ చెయ్యితో బరువు ఎత్తవద్దని చెప్పారు. ఆపరేషన్‌లో చంక కింది గడ్డలు కూడా తీశారు. ఆ చెయ్యి వాచే ప్రమాదం ఉంది. కాబట్టి బిందెలు మోసే పని కొడుకు తీసుకున్నాడు. మొదట స్నేహితులు చూస్తారని సిగ్గుపడ్డాడు. తర్వాత అలవాటయింది.

సంఘం మీటింగులో బాలమణి లేచి మాట్లాడింది. అంజమ్మ అప్పు వాయిదా రెండు నెలలు సంఘం పొదుపులోంచి కట్టాలని అడిగింది. ఇద్దరు ఒప్పుకోలేదు. "ఆమె మల్ల కట్టగలుగుతదా" అన్నారు. చాలాసేపు వాదన జరిగింది. చివరికి ఒప్పుకున్నారు. తొమ్మిది మంది కలిసి రెండు రోజులు అంజమ్మ చేను కలుపు తీశారు. ఒప్పుకోని ఇద్దరిలో ఒకామె కూడా వచ్చింది.

మిగిలిన జుట్టు ఇబ్బందిగా ఉంటే బాలమణి కత్తెరతో తీసేసింది. మెత్తటి నూలు గుడ్డ తలకు కట్టింది. అంజమ్మ అద్దంలో చూసుకుంది. "గుట్టకు మొక్కకుండనే దేవుడు తీసుకున్నడు" అని నవ్వింది. ఆపరేషన్ తర్వాత అదే మొదటి నవ్వు. బాలమణి కూడా నవ్వింది. ఇట్లాంటి నవ్వు రోగి మొదలుపెడితే బాగుంటుంది. చూడవచ్చినవాళ్ళు మొదలుపెడితే గుచ్చుకుంటుంది.

నాలుగోసారి వెళ్తే రక్తం బలం తక్కువుందని వారం ఆగి రమ్మన్నారు. రోగం ముదిరిందేమోనని అంజమ్మ భయపడింది. అది కాదు, రక్తకణాలు కోలుకోవడానికే అని నర్సమ్మ చెప్పింది. అయినా తిరుగు బస్సులో అంజమ్మ మాట్లాడలేదు. బాలమణి కూడా మాట్లాడలేదు. నల్లగొండ దాకా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆరు కీమోలూ అయ్యాయి. ఇక మిగిలింది రేడియేషన్. పల్లెల్లో దీన్నే కరెంటు పెట్టడం అంటారు. నిజానికి అది కరెంటు కాదు, షాకు కొట్టదు. మిషను కింద కొన్ని నిమిషాలు కదలకుండా పడుకోవాలి. నొప్పి ఉండదు. వారానికి అయిదు రోజులు పెడతారు. అంజమ్మకు మూడు వారాలు రాశారు. ఒంటి మీద గీసిన గుర్తులు చెరిగిపోకూడదు. అక్కడ పసుపు, నూనె రాయకూడదు. వదులు రవికె వేసుకోవాలి. ఆ మనిషి పక్కన పిల్లలు కూడా కూర్చోవచ్చు, భయం లేదు.

మూడు వారాలు పట్నంలోనే ఉండాలి. బాలమణి ఇంట్లో పసిపిల్ల ఉంది. ఆమె పోలేదు. మల్లయ్య పత్తి ఏరుడు వదిలి రాలేడు. ఎవరు పోవాలో తెలియక అందరూ ఊరుకున్నారు.

"నేను పోత" అన్నది ఎల్లమ్మ.

బాలమణి నోటుబుక్కు ఆమె చేతికిచ్చింది. ఎల్లమ్మకు చదువు రాదు. అందుకని జ్వరం అంకె ఎట్లా ఉంటుందో పెద్దగా రాసి చూపించింది. ఎల్లమ్మ సంచి సర్దింది. రెండు చీరలు, దుప్పటి, కార్డులు, ఒక స్టీలు గ్లాసు పెట్టింది.

"ఒక్కటేనా గ్లాసు?" అన్నది అంజమ్మ.

"ఇద్దరికి ఒక్కటి సాలదా? బరువెందుకు" అని ఎల్లమ్మ సంచి మూతి కట్టింది.