జీపు వణికితే జబ్బు ఎక్కడ?
(ఇంటి దగ్గర మేము నేర్చుకున్న ఒక పాఠం)

— పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)



మన హాస్టల్‌లో చదువుకున్న వారిలో చాలామంది ఇళ్లలో ఆటోయో, ట్రాక్టరో, జీపో తోలేవారు ఉంటారు. బండి ఆగితే ఆ రోజు పొయ్యి మీద ఏమి పెట్టాలన్నది కూడా ఆలోచించాల్సిన ఇళ్లు మనవి. మా నాన్న నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లి వైపు జీపు తోలుతారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి తరం మాది. ఆ చదువు బండి కింద ఎంతవరకు పనికొచ్చిందో, ఎక్కడ మమ్మల్ని తప్పుదారి పట్టించిందో చెప్పడానికే ఈ వ్యాసం. ఇందులో "మేము" అంటే అన్నదమ్ములం ఇద్దరం, ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ చేసిన మా హాస్టల్ గది మిత్రుడు.

సమస్య ఏమిటి?

సంతల రోజుల్లో బరువు ఎక్కువ పడుతోందని నాన్న వెనక కమాన్ కట్టల్లో ఒక్కో పట్టీ అదనంగా వేయించారు. బండి వెనక భాగం సుమారు 7 సెంటీమీటర్లు లేచింది. కొన్ని నెలలకు రెండు లక్షణాలు కనిపించాయి. బండి కదిలేటప్పుడు కింద "టక్" మని శబ్దం. 40 కిలోమీటర్ల వేగం దాటితే అడుగున సన్నని వణుకు. షెడ్డులో చూపిస్తే గేర్‌బాక్సు దించాలని, పద్దెనిమిది వేలు అవుతుందని చెప్పారు. నాన్న మాత్రం "గేర్‌బాక్సు కాదురా. జనం నిండుగా ఉంటే వణుకు తగ్గుతోంది, ఖాళీగా వస్తే ఎక్కువవుతోంది" అన్నారు. ఆ మాటను షెడ్డులో ఎవరూ పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే మేమూ పట్టించుకోలేదు. 2023 సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మేమే చూద్దామని దిగాం.

బలం చక్రానికి ఎలా చేరుతుంది?

ఇంజను తిప్పే బలం మొదట క్లచ్‌కు, అక్కడి నుంచి గేర్‌బాక్సుకు, ఆ తర్వాత బండి పొడవునా ఉండే ప్రొపెల్లర్ షాఫ్టుకు వెళుతుంది. వెనక హౌసింగులో ఉన్న పినియన్ పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. దాని నుంచి యాక్సిల్ రాడ్లు, చివరకు చక్రాలు. ఈ వరుసనే డ్రైవ్‌ట్రైన్ అంటారు.

గేర్‌బాక్సు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. వెనక హౌసింగు మాత్రం గుంతల్లో పైకీ కిందకూ ఊగుతుంది. అందుకే షాఫ్టు రెండు చివరలా యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. మన మెకానిక్‌లు వాటిని "క్రాస్" అంటారు. పొడవు సర్దుకోవడానికి షాఫ్టులో పళ్లతో జారే స్లిప్ జాయింట్ ఉంటుంది. ఈ క్రాస్ సూత్రాన్ని 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ అధ్యయనం చేశాడు. స్ప్రింగుల పాఠంలో మనం చదివే హుక్ ఆయనే. కార్లకు పనికొచ్చే క్రాస్ జాయింట్‌కు 1903లో పేటెంటు పొందిన క్లారెన్స్ స్పైసర్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు.

జబ్బు ఎక్కడో కనిపెట్టడం

పానా పట్టుకునే ముందు బండిని ప్రశ్నించాలి. మేము చేసిన పరీక్షలు ఇవి:

1. బండి నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజనును అదే వేగానికి పెంచాలి. అప్పుడూ వణికితే తప్పు ఇంజనుదో, దాన్ని మోసే రబ్బరు మౌంటింగులదో. మా జీపు వణకలేదు.

2. ఒకే వేగంలో మూడో గేరులో ఒకసారి, టాప్ గేరులో ఒకసారి నడపాలి. గేరు మారినా అదే వేగం దగ్గర అదే వణుకు వస్తే జబ్బు గేర్‌బాక్సు తర్వాతే ఉంటుంది. మాకు ఇదే జరిగింది. ఈ పరీక్ష బల్లపరుపు ఖాళీ రోడ్డు మీదే చేయాలి, ఘాట్‌లో చేయకూడదు.

3. ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోతే, కాలిన వాసన వస్తే క్లచ్ జారుతోందని అర్థం. క్లచ్ తొక్కినప్పుడు మాత్రమే శబ్దం వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి.

4. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా వెనక నుంచి ఈలలాంటి మోత వస్తే క్రౌన్, పినియన్‌లను చూడాలి. అంతకంటే ముందు హౌసింగులో ఆయిల్ ఉందో లేదో చూడాలి.

5. ఇంజను ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పాలి. క్రాస్ దగ్గరే లూజు కనిపిస్తే "టక్" శబ్దానికి కారణం దొరికినట్టే. మా జీపులో ముందు క్రాస్ కదులుతోంది. దాని చుట్టూ తుప్పు రంగు పొడి రాలుతోంది. గ్రీజు అందక లోపలి సూది బేరింగులు ఎండిపోయాయనడానికి అది గుర్తు.

లెక్క కూడా సాయపడింది. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకుందాం. 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు సుమారు 11 మీటర్లు వెళుతుంది. అంటే చక్రం సెకనుకు 5 సార్లు తిరుగుతుంది. క్రౌన్, పినియన్‌ల నిష్పత్తి 4 అనుకుంటే షాఫ్టు 20 సార్లు తిరుగుతుంది. క్రాస్ కోణం వల్ల వచ్చే కుదుపు చుట్టుకు రెండుసార్లు కాబట్టి సెకనుకు 40. చక్రం తేడా అయితే బండి నెమ్మదిగా ఊగుతుంది. షాఫ్టు, క్రాస్‌ల తేడా అయితే అడుగున జుయ్‌మని వణుకుతుంది. మాది రెండో రకం.

మేము చేసిన తప్పు

షాఫ్టు విప్పాం. బెంచీ వైస్‌లో పెట్టి రెండు క్రాస్‌లూ మార్చాం. గ్రీజు కొట్టాం. అన్నీ కలిపి పదిహేను వందల లోపే. సాయంత్రానికి బిగించి, గర్వంగా నాన్నను పిలిచాం. "టక్" శబ్దం పోయింది. కానీ 30 దాటకుండానే బండి మునుపటి కంటే ఘోరంగా వణికింది. నాన్న ఏమీ అనకుండా బండి పక్కన ఆపి, ఇంటికి నడిచి వెళ్లారు. మరునాడు సంత. బండి కట్టలేదు.

ఆ రాత్రి పుస్తకం తీశాం. ఒక క్రాస్ కోణంలో తిరిగేటప్పుడు ముందు భాగం సమవేగంతో తిరిగినా, వెనక భాగం ఒకే వేగంతో తిరగదు. చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. 11 డిగ్రీల కోణానికి కొసైన్ విలువ 0.98. అంటే దాదాపు 2 శాతం ఎగుడుదిగుడు. రెండో క్రాస్ దీన్ని సరిచేయాలి. దానికి రెండు షరతులున్నాయి. రెండు చివరలా కోణాలు సమానంగా ఉండాలి. షాఫ్టుకు రెండు చివరలా ఉన్న యోక్‌లు ఒకే తలంలో ఉండాలి.

ఈ సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. అయినా స్లిప్ జాయింట్ విడదీసే ముందు గుర్తు పెట్టుకోలేదు. పళ్లు ఎక్కడ పడితే అక్కడ ఎక్కుతాయి. మేము పావు చుట్టు తేడాతో ఎక్కించాం. దాంతో రెండో క్రాస్ మొదటిదాన్ని సరిచేయడం మాని, దానికి తోడై కుదుపును రెట్టింపు చేసింది. తెల్లవారాక మట్టి, పాత గ్రీజు గీకి చూస్తే షాఫ్టు మీద కంపెనీ వేసిన బాణం గుర్తులు బయటపడ్డాయి. అవి ఎదురెదురుగా వచ్చేలా బిగించగానే పెద్ద వణుకు పోయింది.

నాన్న మాటకు అర్థం

ఖాళీ బండిలో ఇంకా కొంచెం వణుకు మిగిలింది. అప్పుడు నాన్న మొదట చెప్పిన మాట గుర్తొచ్చింది. జనం ఎక్కితే బండి దిగుతుంది, షాఫ్టు కోణం తగ్గుతుంది. ఖాళీగా ఉంటే కోణం పెరుగుతుంది. ఆయన కోణమనే మాట వాడకుండానే కోణం సంగతి చెప్పారు!

జామెట్రీ బాక్సులోని కోణమానినికి దారం, ఒక నట్టు కట్టి కొలిచాం. గేర్‌బాక్సు వాలు 4 డిగ్రీలు, షాఫ్టు వాలు 15 డిగ్రీలు. తేడా 11. అదనపు పట్టీలు తీయించాక షాఫ్టు వాలు 11 అయింది, తేడా 7కు తగ్గింది. కోణాలు సమానంగా ఉన్నా మధ్యలో షాఫ్టు మాత్రం ఎగుడుదిగుడుగానే తిరుగుతుంది. కోణం ఎంత ఎక్కువైతే ఆ కుదుపు అంత ఎక్కువ, క్రాస్ అరుగుదలా అంత ఎక్కువ. కొత్త క్రాస్‌లు వేసి పట్టీలు అలాగే ఉంచితే కొన్ని నెలలకు మళ్లీ అదే కథ.

పట్టీలు తీయడానికి నాన్న వెంటనే ఒప్పుకోలేదు. పట్టీ తీస్తే బరువు తగ్గించుకోవాలి, అంటే ట్రిప్పుకు ఇద్దరు మనుషుల డబ్బు పోతుంది. మా దగ్గర దానికి సూత్రం లేదు. ఘాట్‌లో షాఫ్టు తెగితే ఏమవుతుందో మాత్రం ఆయనకు మాకంటే బాగా తెలుసు. ఒక రాత్రి ఆలోచించి, పొద్దున్నే "తీసేయండి" అన్నారు. ఆ ఇద్దరి డబ్బు ఇప్పటికీ తక్కువే వస్తోంది. బండి మాత్రం వణకడం లేదు.

చేసేవారికి జాగ్రత్తలు

* జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకూడదు. గట్టి స్టాండ్లు పెట్టాలి.
* ప్రొపెల్లర్ షాఫ్టు విప్పితే గేరులో పెట్టినా బండి నిలవదు. కొన్ని పాత జీపులకు హ్యాండ్‌బ్రేకు కూడా షాఫ్టు మీదే పనిచేస్తుంది, అదీ పోతుంది. సమతలం మీద, నాలుగు చక్రాలకూ ముందూ వెనకా రాళ్లు పెట్టాకే విప్పాలి.
* విప్పే ముందు ప్రతి జాయింటుకూ పెయింటుతో గుర్తు పెట్టాలి.
* ఒకసారికి ఒకటే మార్చాలి. నాలుగు మార్చితే ఏది తప్పో తెలియదు.
* రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది. మార్పు చేసే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగాలి.
* క్రౌన్, పినియన్‌ల అమరిక, గేర్‌బాక్సు లోపలి పని ఇంట్లో చేసేవి కావు. వాటికి అనుభవం ఉన్న మెకానిక్ దగ్గరకే వెళ్లాలి.

తమ్ముళ్లారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ నాన్న తోలే బండి కిందికి ఒకసారి తొంగి చూడండి. అంతకంటే ముందు, అది ఎప్పుడు, ఎలా మోత చేస్తుందో ఆయన్నే అడగండి. ఆయన చెప్పిన మాటను నోటు పుస్తకంలో రాసుకోండి. మేము మొదటి రోజే ఆ పని చేసి ఉంటే, ఆ సంత రోజు బండి ఆగేది కాదు.