రేవు ఎవరిదో చూసుకో

మాడుగుల,
ఆదివారం.

శ్రీనూ,

నీ పొడి బెల్లం అమ్ముతామన్న కంపెనీతో ఒప్పందం అంటూ నువ్వు ఫోనులో పంపిన కాగితాలు ఆ చిన్న అక్షరాల్లో నా కళ్లకు ఆనలేదు. చోడవరం వెళ్లే కుర్రాడి చేత ప్రింటు తీయించుకుని రెండుసార్లు చదివాను. కింద నువ్వు రాసిన మాటా చదివాను. ‘చెరకు నాది, గానుగ నాది, పాకం నాది, పొడి నాది. వాళ్లకు మిగిలేది పొట్లం మీద పేరు, అమ్మకం. ఎక్కువ భాగం నా చేతిలోనే ఉంది కదా మామయ్యా?’

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఇలాంటి పంపకమే ఒకటి రెండు వందల అరవై ఏళ్ల కిందట, మన కశింకోటలో కలిసిన రెండు సైన్యాల మధ్య జరిగింది. అప్పుడు ఒప్పుకున్నవాడు విజయనగరం రాజు. ఎక్కువ భాగం తన చేతికే వస్తోందని ఆయనా అనుకుని ఉంటాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు సోషల్ చెప్పినవాణ్ణి, కథ లేకుండా సలహా చెప్పడం నాకు చేతకాదు. సంతకానికి ఇంకా పదిరోజులుంది కాబట్టి ఓపిగ్గా చదువు.

ఆ సైన్యాలను కలిపిన యుద్ధానికి నిప్పు రాజుకున్నది మన దగ్గర కాదు. 1756లో యూరప్‌లో ఇంగ్లండు, ఫ్రాన్సు చెరో పక్షాన చేరి మొదలుపెట్టిన పోరు అమెరికా సరిహద్దు అడవుల నుంచి బంగాళాఖాతం దాకా పాకింది. ఏడేళ్ల యుద్ధం అని పుస్తకంలో చదువుకున్నావు. మన వైపు ఎండుగడ్డి మాత్రం అప్పటికే వాములు పేర్చి ఉంది. 1753లో నైజాము సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యం జీతాల కింద నాలుగు సర్కార్లను దాని సేనాని బుస్సీకి రాసిచ్చాడు: ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం. మన మాడుగుల ఆ శ్రీకాకుళం సర్కారులోదే. అంటే ఈ కొండల కింద పండిన గింజ మీద శిస్తు ఫ్రెంచి సిపాయి జీతానికి పోయేదన్నమాట.

1757 జనవరి 24న బొబ్బిలిలో జరిగిన యుద్ధం గురించి నీకు చెప్పక్కర్లేదు, బుర్రకథల్లో విన్నావు. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడి కత్తికి విజయనగరం రాజు పెద విజయరామరాజు పోయాడు. ఆయన వెనక ఆనంద గజపతిరాజు గద్దెకొచ్చాడు. ఆ జూన్‌లోనే బుస్సీ విశాఖపట్నంలో ఇంగ్లీషు కంపెనీ కొఠీని పట్టుకున్నాడు. అదే నెలలో అక్కడ బెంగాలులో, ప్లాసీ దగ్గర కంపెనీ సేనాని క్లైవు గెలిచాడు. ఒకే కంపెనీ, ఒకే నెలలో ఒక రేవు పోగొట్టుకుని ఒక రాజ్యం సంపాదించింది.

ఆనందరాజుకు ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. 1758లో లాలీ అనే కొత్త ఫ్రెంచి సేనాని వచ్చి, మద్రాసు పట్టాలన్న ఆత్రంలో బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. అతని స్థానంలో కాన్‌ఫ్లాన్స్ వచ్చాడు. ఇదే అదననుకుని ఆనందరాజు ఆ సెప్టెంబరులో విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. మద్రాసువాళ్లు మా తలే బయటపడేలా లేదు పొమ్మన్నారు. కలకత్తాలో క్లైవు మాత్రం తన కౌన్సిల్ వద్దంటున్నా ఒప్పుకున్నాడు. కల్నల్ ఫోర్డు అనే అధికారికి సుమారు 500 మంది తెల్ల సిపాయిలను, 2,000 మంది దేశీ సిపాయిలను ఇచ్చి ఓడలెక్కించాడు. అక్టోబరుకల్లా వాళ్లు విశాఖలో దిగారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగు. ఆ ఓడలు అంత నిబ్బరంగా ఎలా రాగలిగాయి? ఆ ఏడు ఏప్రిల్‌లో కడలూరు దగ్గర, ఆగస్టులో నాగపట్నం దగ్గర ఇంగ్లీషు నౌకాదళం నాయకుడు పోకాక్, ఫ్రెంచి నాయకుడు దాషే తలపడ్డారు. తేలిగ్గా తేలిన యుద్ధాలు కావవి. కానీ దెబ్బతిన్న దాషే సెప్టెంబరులో తన ఓడలు తీసుకుని మారిషస్ వెళ్లిపోయాడు. అంతే, సముద్రం ఇంగ్లీషువాడికి రాజబాట అయిపోయింది. నేల మీద నాలుగు సర్కార్లూ ఫ్రెంచివాళ్లవే, కానీ వాటి వాకిలికి తాళం అవతలివాడు వేసేశాడు.

నవంబరు మొదట్లో ఫోర్డు కశింకోటలో రాజుగారి సైన్యాన్ని కలిశాడు. తర్వాత డబ్బు దగ్గర తగువు. నువ్వు చదవాల్సింది ఆ నెలలో కుదిరిన ఒప్పందం. సైన్యం ఖర్చులకు రాజు నెలకు 50,000 రూపాయలు, అధికారులకు 6,000 ఇవ్వాలి, అదీ రాజమహేంద్రవరం తన చేతికొచ్చాకే. దోపిడి సొత్తు చెరిసగం. గెలిచిన భూమిలో లోపలి దేశమంతా రాజుది. రేవులు, నదీముఖాల దగ్గరి పట్టణాలు కంపెనీవి.

రాజు తెలివితక్కువవాడని అనకు. డబ్బు ముందివ్వనన్నాడు, ఫలితం చూశాకే ఇస్తానన్నాడు. శిస్తు వచ్చే పొలమంతా తన వాటాకు రాయించుకున్నాడు. ఉప్పుగాలి కొట్టే ఇసక దిబ్బలు అవతలివాడికి వదిలేశాడు. ఇంతకంటే మంచి బేరం ఎవరైనా ఏం చేస్తారు? నీ మాట నాకు వినబడింది అక్కడే. ‘వాళ్లకు మిగిలేది పొట్లం మీద పేరు, అమ్మకం.’

డిసెంబరులో పిఠాపురానికి దగ్గర్లోని చందుర్తి వద్ద యుద్ధం. కాన్‌ఫ్లాన్స్ దగ్గర 500 మంది ఫ్రెంచివాళ్లు, 6,000 మంది సిపాయిలు. ఫోర్డు తెల్ల దళం నిలువెత్తు చేను వెనక కనబడకుండా ఉంది. ఎర్రకోట్లు తొడిగిన బెంగాలు సిపాయిలను చూసి వాళ్లే ఇంగ్లీషువాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు మీదికి ఉరికారు. చేను చాటునున్న దళం పక్క నుంచి వచ్చి కొట్టింది. ఫ్రెంచి సైన్యం చెదిరిపోయింది, రాజమహేంద్రవరం చేజిక్కింది. చరిత్ర పుస్తకాల్లో ఈ యుద్ధానికే పెద్ద అక్షరాలు. నా మటుకు అసలు కథ ఆ తర్వాతి యాభై రోజుల్లో ఉంది.

రాజమహేంద్రవరం చేతికొచ్చింది కదా, డబ్బియ్యమన్నాడు ఫోర్డు. రాజు ఇవాళ రేపు అన్నాడు. గోదావరి దాటిన సైన్యం జీతాల్లేక వెనక్కి వచ్చి పెద్దాపురం దగ్గర కూర్చుంది. ఆ పూట బిగి రాజు చేతిలోనే ఉంది. ఆ బిగితో ఆయన ఏం సాధించాడో తెలుసా? ఇకమీదట తానిచ్చేది అప్పుగా రాసుకోవాలని, గోదావరికి దక్షిణాన వచ్చే రాబడి చెరిసగమని మాట తీసుకున్నాడు. మళ్లీ పొలం, మళ్లీ శిస్తు. రేవుల ఊసు ఎత్తనేలేదు. ఈలోగా కాన్‌ఫ్లాన్స్ మచిలీపట్నం కోటలో ఊపిరి తీసుకున్నాడు.

1759 మార్చి 6కి గాని ఫోర్డు మచిలీపట్నం చేరలేదు. కోట చుట్టూ చిత్తడి, ఉప్పు కాలవలు. లోపలున్నవాళ్లు బయట ఉన్న ఫోర్డు మనుషులకంటే ఎక్కువ. వెనక రాజమహేంద్రవరాన్ని ఫ్రెంచి దండు మళ్లీ తీసుకుంది. సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చాడు. జీతాల కోసం తెల్ల సిపాయిలే తిరగబడ్డారు. రాజు డేరా పీకి ఇంటి దారి పట్టబోతే, దారంతా శత్రువులే, ఒంటరిగా ఎక్కడికి పోతావని ఫోర్డు ఆపాల్సి వచ్చింది.

అంత ఇక్కట్లలోనూ ఫోర్డు నిలబడటానికి ఆధారం హార్డ్‌విక్ అనే ఓడ. బరువైన ఫిరంగులు, మందుగుండు దాని మీదే వచ్చాయి. రాజు డబ్బు ఆపితే సైన్యం నడక ఆగింది గాని ఓడ ఆగలేదు. తుపాకిమందు అడుగంటుతుండగా, ఏప్రిల్ 7 అర్ధరాత్రి సముద్రం పాటు మీదున్నప్పుడు, కాలవల్లో నీరు తగ్గే వేళ చూసుకుని మూడు వైపుల నుంచి కోట మీద పడ్డారు. బురదను నమ్ముకుని ఫ్రెంచివాళ్లు వదిలేసిన వైపు ఒక దళం, ముందు దారిన సందడి చేయడానికి రాజుగారి మనుషులు, అసలు దెబ్బకు మూడోది. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. పట్టుబడ్డ ఫ్రెంచివాళ్లే 500 మంది. సరిగ్గా వారానికి 300 మంది సైనికులతో రెండు ఫ్రెంచి ఓడలు వచ్చాయి, కోట మీద జెండా మారిపోయిందని చూసి ఉత్తరానికి వెళ్లిపోయాయి. ఒక్క వారం! సముద్రం తనదైనవాడికే ఆ వారం దక్కింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మే 14న సలాబత్ జంగ్ కంపెనీతో ఒడంబడిక చేసుకున్నాడు. మచిలీపట్నం ఎనిమిది పరగణాలతో సహా, నిజాంపట్నంతో సహా కంపెనీకి ఇనాము. ఫ్రెంచివాళ్లకు దక్కనులో చోటు లేదు. మరి మన రాజుగారికి? అప్పటిదాకా వసూలు చేసుకున్నది నైజాము అడగడు, ఇకమీదట తాత తండ్రులు కట్టినట్టే శిస్తు కట్టాలి. అంతే! కశింకోట దగ్గర రాసుకున్న ‘లోపలి దేశమంతా’ ఎటు పోయిందో చూశావా? రాజు కంపెనీతో రాసుకున్నాడు, కంపెనీ నైజాముతో రాసుకుంది. మొదటి కాగితాన్ని రెండో కాగితం మింగేసింది.

మరుసటేడే ఆనందరాజు పోయాడు. దరిమిలా మొగలు పాదుషా ఫర్మానా, నైజాముతో మరో ఒప్పందం, అలా సర్కార్లన్నీ కంపెనీకి చిక్కాయి. కంపెనీకి తొందర లేదు. వాకిలి తనదైనవాడు ఇంట్లోకి ఎప్పుడైనా రావచ్చు. ఆనందరాజు తర్వాత గద్దెకొచ్చిన విజయరామరాజు కంపెనీకి కట్టాల్సిన పేష్కషు బాకీ పడితే, నెలకు 1,200 రూపాయల భత్యం ఇస్తాం, జమీ వదిలి వెళ్లిపొమ్మన్నారు. ఎక్కడికి వెళ్లమన్నారో తెలుసా? మచిలీపట్నానికి! ఆయన వెళ్లలేదు. 1794 జులై 10న పద్మనాభంలో నిలబడి ప్రాణం వదిలాడు. ముప్పై అయిదేళ్ల కిందట తన ఇంటివాళ్లు గెలిచిపెట్టిన రేవుకే తనను పంపబోయారు మరి.

ఈ తప్పు రాజులే చేస్తారనుకోకు. నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను, మీ అత్త ముందు ఎత్తకు. పెళ్లయిన కొత్తలో కొండవార జీడితోట ఒకటి చవగ్గా వస్తోందని కౌలుకు తీసుకున్నాను. చెట్లు లెక్కపెట్టాను, కాపు చూశాను, దస్తావేజు చదివాను. బండి దిగే దారి మాత్రం ఎవరిదని అడగలేదు. అది వేరొకాయన మెరకలోంచి ఉంది. పిక్కలు రాలే నెలలో ఆయన దారికి ముళ్లకంప వేసి, బస్తాకింత అని అడిగాడు. రెండేళ్లు కట్టి, మూడో ఏడు తోట ఆయనకే ఒప్పగించి వచ్చాను. ఆయన నన్ను మోసం చేయలేదు. నేను చెట్లు చూశాను, ఆయన దారి చూసుకున్నాడు. మన చెరువు కింద రైతుకు ఇదంతా చెప్పక్కర్లేదు. పొలం ఎన్ని గరిసెలు పండుతుందని అడిగే ముందు మదుము ఎవరి చేతిలో ఉందని అడుగుతాడు.

ఇక నీ కాగితాలు. బేరం మానుకోమని నేననడం లేదు. ఒంటరిగా నువ్వు హైదరాబాదు దుకాణాల దాకా వెళ్లలేవు, వాళ్ల సాయం అవసరమే. ఆనందరాజుకూ అవసరమే అయింది. నాలుగో షరతు చూడు. అయిదేళ్లు నీ పొడి బెల్లం ఇంకెవరికీ అమ్మరాదంటున్నారు. నీ రేవు అదే. పాతిక వంతైనా నీ సొంత పేరుతో, అనకాపల్లిలోనో విశాఖలోనో, నువ్వే అమ్ముకునేలా రాయించు. ఆ పాతిక వంతు లాభం తక్కువే కావచ్చు, కొనేవాళ్ల మొహాలు నీకు తెలిసి ఉండటానికి అది కావాలి. అయిదేళ్లను ఒక్క గానుగ సీజనుకు కుదించు, నచ్చితే మళ్లీ రాసుకోవచ్చు.

ఏడో షరతులో అడ్వాన్సు అని మొదలుపెట్టి, చివర్లో ‘సర్దుబాటు కాని మొత్తం అప్పుగా పరిగణించబడును’ అన్నారు. వడ్డీ ఎంత, ఏ రోజు నుంచి? అది రాయనిదే ఆ డబ్బు ముట్టుకోకు. పదకొండోది అన్నిటికంటే చెడ్డది. కంపెనీ ఈ ఒప్పందాన్ని ఇంకొకరికి బదలాయించుకోవచ్చట, నీకు ‘తెలియజేస్తే’ చాలట. తెలియజేస్తే కాదు, నీ సంతకంతోనే అని మార్పించు. సలాబత్ జంగ్ ఎప్పుడు, ఏ మొహంతో వస్తాడో ముందు తెలియదు.

ఇవి అడిగితే వాళ్లు లేచిపోతారని నీ భయం. ఇప్పుడు వాళ్లకు నీ సరుకు కావాలి. బిగి నీ చేతిలో ఉన్న రోజులు ఇవే. ఆ బిగిని కిలోకు రెండు రూపాయలు ఎక్కువ అడగడానికి ఖర్చు పెట్టకు. ధర వచ్చే ఏడు మళ్లీ మాట్లాడుకోవచ్చు, దారి వదులుకుంటే మాత్రం మళ్లీ దొరకదు.

శనివారం ఎలమంచిలిలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తావు. మీ అమ్మకు హల్వా తీసి ఉంచుతానంది మీ అత్త. కశింకోట దాటేటప్పుడు నిద్రపోకుండా ఆ కాగితాలు మరోసారి చదువుకుంటూ రా. పెన్ను ఇంటి దగ్గరే వదిలేసి, చేతిలో పెన్సిలు ఒక్కటి ఉంచుకో.

ఇట్లు,
మీ మామయ్య