సరకుతోపాటు కాగితము

పోచంపల్లి నేతగాడొకడు సికిందరాబాదు జనరల్ బజారు వర్తకునకు చీరలు అరువిచ్చెననుకొందము. నెలలు గడచినను సొమ్ము రాదు. నూలుకు మరల అప్పు చేయవలసివచ్చును. ఇట్టివారికి మేము విన్నవించునది యిది.

1872 నాటి ఒప్పందముల చట్టము ప్రకారము నోటిమాటయు ఒప్పందమే. కాని దానిని రుజువు చేయుట కష్టము. కావున రకము, ధర, గడువు వ్రాసికొని ఇరువురును సంతకములు చేయవలెను. సరకు ముట్టినట్లు రసీదు పొందవలెను.

2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము మరొక రక్షణ కల్పించినది. ఒప్పందమున ఎంత గడువున్నను, సరకు అంగీకరించిన 45 దినములలో చిన్న ఉత్పత్తిదారునకు సొమ్ము చెల్లింపవలెను. వ్రాతపూర్వకమైన గడువు లేనిచో 15 దినములే. మీరినచో రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలకు చక్రవడ్డీ పడును. ఫెసిలిటేషన్ కౌన్సిలుకు ఫిర్యాదు చేయవచ్చును. అయితే సరకు పంపుటకు ముందే ‘ఉద్యం’ నమోదు చేయించుకొనుట క్షేమము.

మగ్గముపై పడిన శ్రమకు ఫలము దక్కవలెనన్న, చీరల మూటతోపాటు కాగితమును కదలవలెను.