వెల, విలువ: ఖరగ్‌పూరు తెలుగు గృహములలో టెలివిజన్

తెలుగున ‘వెల’, ‘విలువ’ అను రెండు పదములును ఒకే ధాతువునుండి పుట్టినవి. కొనుట యను నర్థమున మన కావ్యభాషలో ‘విలుచు’ అను క్రియ కలదు. తమిళమున ‘విల్’ అనగా అమ్ముట, ‘విలై’ అనగా వెల. కన్నడమున అదియే ‘బెలె’ యైనది. పుట్టుక యొక్కటియే యైనను వాడుకలో తెలుగు పదములు రెండును వేరుపడినవి. వెల అంగడివాడు చెప్పునది. విలువ కొన్నవాడు కాలక్రమమున తెలిసికొనునది. బెంగాలీలో ‘మూల్య’ వంటి సంస్కృతపదము లున్నను, నిత్యవ్యవహారమున ‘దామ్’ అనగా వెల. దానినుండి వచ్చిన ‘దామీ’ అను విశేషణము ఖరీదైన వస్తువునకును విలువైన వస్తువునకును గూడ చెల్లును. ఈ రెండు భాషల నడుమ నూరేండ్లకు పైగా కాపురముండిన తెలుగువారు ఖరగ్‌పూరున నున్నారు. మిక్కిలి ఖరీదు పెట్టి తీర్చిన టెలివిజన్ ఆ వెలకు తగునా యను ప్రశ్నను వారి యిండ్లలో నిలిపి విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము. తెలుగు శాఖవారి పత్రికలో ఈ విషయ మేల యని శంకించు పాఠకుని కొంచెము ఓపిక పట్టుమని కోరుచున్నాను.

ఖరగ్‌పూరు హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున నున్న రైల్వే పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు 20వ శతాబ్దారంభమున ఇచ్చట పెద్ద వర్క్‌షాపును నెలకొల్పగా, నాటి విశాఖపట్టణము, గంజాము జిల్లాలనుండి తెలుగువారు పనికై తరలివచ్చిరి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడునాటికి వారిలో రెండవ తరము పనిలో చేరియుండెను. మథురాకాటి, నీంపురా మొదలగు పేటలలో నేటికిని తెలుగు వినవచ్చును. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నంగీకరించుటకు ఇట్టి జనసంఖ్యయే ఆధారము.

కలకత్తాలో టెలివిజన్ ప్రసారములు 1975 ఆగస్టు 9న ఆరంభమైనవి. ఆ దశకపు టెలివిజన్ పెట్టె యాకృతి నొకసారి పరిశీలింపుడు. హైదరాబాదున 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియావారి ఈసీటీవీ మొదలుకొని ఆనాటి యంత్రములు పలువిధములు. వానిలో కొయ్య పెట్టె, ముందు ఇరువైపులకు జారు తలుపులు, వానికి తాళము, క్రింద నాలుగు కాళ్లు గల రకము మిక్కిలి ప్రసిద్ధము. చూచువారికి అది దర్పచిహ్నము. కాని దానిలో ప్రతి యంగమునకు పని యున్నది. లోపలి గాజుగొట్టము పొడవైనది గనుక పెట్టెకు లోతు కావలసివచ్చెను. వేడి పోవుటకు వెనుక రంధ్రము లుండెను. బొగ్గుపొడి రాలు రైల్వే పేటలో గాజుతెరకు తలుపు రక్షణ. పిల్లల పరీక్షల దినములలో తాళము తండ్రికి సహాయము. పైపలకపై అల్లిక గుడ్డయు, దానిపై దేవుని పటమును వెలసెను. కొయ్యకు పెట్టిన సొమ్ము వృథా యని యెవ్వరనగలరు? ఒక విశ్రాంత ఫిట్టరు గారింట అట్టి పెట్టెను చూచితిని. యంత్రము చచ్చి ఎన్నో యేండ్లైనది. దానిని తీసివేసి లోపల ఇత్తడి చెంబులు పెట్టుకొనిరి. తలుపులు మాత్రము ఇప్పటికిని చక్కగా జారుచున్నవి. యంత్రముకన్న దాని గృహము దీర్ఘాయువు గలదను సంగతి ఇచ్చట గమనింపదగినది.

ఇక నేటి విలాస యంత్రములు. డెన్మార్కునందు 1925లో స్థాపితమైన బాంగ్ అండ్ ఒలూఫ్‌సెన్ సంస్థవారు 2019లో బియోవిజన్ హార్మొనీ యను యంత్రమును విడుదల చేసిరి. వాడనపుడు 77 అంగుళముల తెర క్రిందికి దిగి, ఓకు కొయ్యయు అల్యూమినియమును కూర్చిన రెండు పలకల వెనుక ఒదుగును. మీట నొక్కగనే పలకలు సీతాకోకచిలుక రెక్కలవలె విచ్చుకొనును, తెర పైకి లేచును. విడుదలనాటి వెల 18,500 యూరోలు. తెర యెవరిదనగా దక్షిణ కొరియాకు చెందిన ఎల్‌జీ సంస్థది. ఆ కొలత తెరతోనే ఎల్‌జీవారి సొంత యంత్రము నాడు ఇందులో సగము వెలకన్న తక్కువకే దొరకెడిది. అనగా బొమ్మ యొక్కటియే. మిగిలిన వెల రెక్కలకు, ధ్వనికి, పేరునకు. ఆ ఎల్‌జీవారే 2020లో తెర చాపవలె చుట్టుకొని పెట్టెలోనికి పోవు యంత్రమును 10 కోట్ల వోన్లకు అమ్మకమునకు పెట్టిరి. అది ఎక్కువ యిండ్లకు చేరకయే కొలది యేండ్లలో తయారీ నిలిచిపోయెను.

ఈ యంత్రములను రైల్వే క్వార్టరున నుంచి చూడవలెను. 77 అంగుళముల తెర వెడల్పు సుమారు 170 సెంటీమీటర్లు. చిన్న గదిలో అది గోడను మ్రింగును, కన్ను నలయించును. అంతకన్న ముఖ్యమైన దొకటి కలదు. క్వార్టరు ఉద్యోగిది కాదు. బదిలీ యైనను, పదవీవిరమణ యైనను గడువు లోపల ఖాళీ చేయవలెను. విలాస రూపకల్పన యంతయు స్థిరమైన గృహము నూహించుకొని చేయబడినది: ఈ గోడ, ఈ వెలుగు, ఈ దూరము. ఇల్లే కదలునట్టి కుటుంబమున ఆ యూహ తలక్రిందులగును. పదవీవిరమణ సొమ్ముతో పెద్ద యంత్రమును కొని, ఏడాది తిరుగకముందే అద్దె యింటి ఇరుకు గదిలో దాని నెచ్చట పెట్టవలెనో తెలియక బాధపడువారి స్థితి హాస్యాస్పదము కాదు. ఆ సొమ్ము కూతురి చదువునకో, స్వంత యింటి పునాదికో పోవలసినది.

ఇచ్చట ‘షోకు’ అను పదమును స్మరింపవలెను. అరబ్బీ ‘షౌఖ్’ అనగా అభిలాష. బెంగాలీలో అది ‘శఖ్’ అయి మనసులోని ముచ్చటగా నిలిచెను. తెలుగులో ‘షోకు’ అయి పరులకు కనబడు అలంకారముగా మారెను. ఒకే పదము ఒకచోట లోపలికి, ఒకచోట వెలుపలికి నడచినది. విలాస యంత్రము కొనువానిలో ఈ రెండును కలసియుండును. తన ముచ్చటకు కొనువానిని నేను తప్పుపట్టను. పొరుగువాని కన్నులకై కొనువాడు మాత్రము తన సొమ్ముతో అన్యుల సంతోషమునో అసూయనో కొనుచున్నాడు.

అట్లైన రూపకల్పనకు పెట్టు సొమ్ము సర్వము వ్యర్థమా? కాదు. ధ్వని విషయమున నా అభిప్రాయము భిన్నము. శాస్త్రవిషయము సులభమైనదే. లౌడ్‌స్పీకరు గంభీరస్వరము నిచ్చుటకు దాని వెనుక కొంత గాలి నిండిన చోటు కావలెను. తెర పలుచనైన కొలది ఆ చోటు లోపించెను; స్పీకరులు క్రిందికో వెనుకకో మరలినవి; మాట ఎదుటివానికి నేరుగా రాక గోడను తగిలి వచ్చుచున్నది. మన హల్లులను వేరుపరచు ధ్వనిశక్తిలో చాల భాగము హెచ్చు పౌనఃపున్యములయందు, ముఖ్యముగా 2000 నుండి 4000 హెర్ట్‌జుల ప్రాంతమున, ఉండును. వార్ధక్యమున మొదట మందగించు వినికిడియు హెచ్చు పౌనఃపున్యములదియే. కనుక వృద్ధునకు అచ్చులు వినబడును, హల్లులు జారిపోవును. తకారమో టకారమో తెలియదు. పైన చెప్పిన ఫిట్టరు గారు కొడుకు కొనిన పలుచని క్రొత్త యంత్రమును చూపి, “బొమ్మ బాగుంది గానీ మాట ఇనబడ్నేదు బాబూ” అనిరి. ‘లేదు’ ‘నేదు’ అగుట ఉత్తరాంధ్ర మాండలికము. మూడు తరములు బెంగాలున నున్నను చెడలేదు. ఆ మాట నేను మాండలికమునకై వ్రాసికొంటిని గాని, అందలి భావమే ఎక్కువ పనికివచ్చినది.

ఖరగ్‌పూరు తెలుగువారికి ఈ లోపము చిన్నది కాదు. ఒకప్పుడు వారికి టెలివిజనున తెలుగు వినబడుట అరుదు. ఢిల్లీ దూరదర్శనమువారి ఆదివారపు ప్రాంతీయభాషా చలనచిత్రములలో తెలుగు వంతు వచ్చుదాక వేచియుండవలెను. 1995లో ఈటీవీ, జెమిని ఆరంభమైన పిదప ఉపగ్రహముద్వారా తెలుగు ప్రతిదినము ఇంటికి వచ్చెను. బడిలో బెంగాలీయో హిందీయో ఇంగ్లీషో చదివెడి పిల్లలకు, అవ్వాతాతల మాట తరువాత తెలుగు వినబడు తావు ఆ పెట్టెయే. అందు హల్లు స్పష్టముగా వినబడనిచో భాషకే కొంత నష్టము. కనుక రూపకల్పకుడు స్పీకరును ముందువైపున కుదిర్చి, దానికి తగిన చోటిచ్చి, అందుకై వెల హెచ్చించెనేని అది న్యాయమైన హెచ్చు. అయితే వేరుగా నమ్ము సాధారణపు సౌండ్‌బారు ఒకటి తెరక్రింద నుంచినచో అందులో చాలభాగము స్వల్పవ్యయముతో సమకూరును. హార్మొనీ వెలను ఈ వాదము నిలుపజాలదు.

అందమే ప్రయోజనము కాదా యని అలంకారికులు ప్రశ్నింతురు. 11వ శతాబ్దమున కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యమునకు ప్రాణముగా చెప్పెను. అలంకారము తగిన తావున నున్ననే అలంకారము. ఖరగ్‌పూరు తెలుగువారిలో పలువురి పూర్వుల ప్రాంతమునకు చెందిన బొబ్బిలి వీణను చూడుడు. పనసకొయ్యను తొలిచి చేసిన కుండయే నాదమునకు ఆధారము. దానిపైని చెక్కడపు పని అదే కొయ్యలోనిది. సొగసునకును నాదమునకును శరీర మొక్కటి. అది తరములు నిలుచును, కనుక పనివానికిచ్చిన హెచ్చు కూలి తరములమీద పంచబడును. విలాస టెలివిజనులో కొయ్యపని ముప్పదియేండ్లు నిలుచును, తెర పదియేండ్లకే పాతబడును. దీర్ఘాయువును అల్పాయువునకు ముడివేసి రెంటికిని కలిపి వెల కట్టుచున్నారు. నా దృష్టిలో అసలు దోష మిదియే.

ఈ దోషమును తయారీదారులును ఎరుగుదురు. బాంగ్ అండ్ ఒలూఫ్‌సెన్‌వారు 2022లో విడుదల చేసిన బియోసౌండ్ థియేటర్‌లో ధ్వనిపీఠము వేరు, తెర వేరు. 55, 65, 77 అంగుళముల తెరలలో దేనినైనను దానికి తగిలింపవచ్చును, తెర పాతబడినపుడు దానిని మాత్రమే మార్చవచ్చును. వెల ఇప్పటికిని సామాన్యున కందరానిదే. కాని ఆ పద్ధతికి డెన్మార్కు దాక పోనక్కరలేదు. గోల్ బజారునందలి వడ్రంగి చేతను గది కొలతకు తగిన చిన్న టేకు పీఠమును, విప్పి లారీలో వేయుటకు వీలుగా మేకులకు బదులు మరలతో చేయించి, ముందు సౌండ్‌బారునకు అర విడిచి, వెనుక తెరకు నిలువుపట్టీ పెట్టించుకొనవచ్చును. తెర నాలుగుమారులు మారినను పీఠము మారదు. క్వార్టరు విడిచినపుడు వెంట వచ్చును.