విత్తే ముందు రాత్రి చలినడగండి

రథసప్తమి దాటిందంటే మా చుట్టాల ఫోన్లలో క్షేమసమాచారాలు వెనక్కిపోయి బీర, బెండ ముందుకొస్తాయి. "మీ దగ్గర మొలిచాయా? మావి నాలుగాకులేశాయి" అనే ధోరణి. కిందటేడు జనవరి చివర్లో విజయవాడ నుంచి మా అక్క "బీర పెట్టేశానే" అంది. ఆ సాయంత్రమే హైదరాబాద్‌లో మా డాబా మీద నేనూ పెట్టాను. అక్కకు వారంలో మొలకలొచ్చాయి. నేను పదిహేను రోజులు ఎదురుచూసి కుండీ తవ్వితే విత్తనాలు కుళ్లి ఉన్నాయి. ఇద్దరివీ ఒకే పొట్లంలోవి. తేడా అంతా రాత్రి చలిదే. ఆ దెబ్బతో నేర్చుకున్నవీ, ఏళ్లుగా మిద్దెతోట చేస్తూ తెలుసుకున్నవీ ఇవి.

1. తేదీని కాదు, రాత్రిని నమ్మండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. కానీ శివరాత్రి 2024లో మార్చి 8న వచ్చింది, 2026లో ఫిబ్రవరి 15నే వచ్చింది. మూడు వారాల తేడా! బీర, సొర, కాకర, పొట్ల, దోస, బెండ వెచ్చని మట్టిలోనే మొలుస్తాయి. వరుసగా ఏడు రాత్రులు 17, 18 డిగ్రీల కంటే తగ్గకపోతే ధైర్యంగా పెట్టండి. కోస్తాలో ఆ రాత్రులు ముందే వస్తాయి. హైదరాబాద్‌లో ఫిబ్రవరి నడిమికి వస్తాయి. ఆదిలాబాద్, అరకు వైపు వాళ్లు ఇంకాస్త ఆగాలి.

2. మీ డాబాకు ఒక థర్మామీటరు పెట్టండి. వాతావరణ శాఖ వాళ్లు నీడలో, గాలాడే పెట్టెలో, నేలకు కాస్త ఎత్తున పెట్టి కొలుస్తారు. మన కుండీలేమో మధ్యాహ్నం సెగలు కక్కే శ్లాబు మీద ఉంటాయి. మామూలు గోడ థర్మామీటరును కుండీల దగ్గర నీడలో వేలాడదీసి, తెల్లవారగట్ల చూడండి. రోజు మొత్తంలో చలి ఎక్కువుండేది సూర్యోదయం ముందే.

3. కబురు చెబితే పూర్తిగా చెప్పండి. "మాకు మొలిచాయి" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ ఊరు, ఎన్నో అంతస్తు, ఎండ ఉదయానిదా సాయంత్రానిదా, ఏ రోజు విత్తారు, ఎన్ని రోజులకు మొలిచాయి అన్నవి కలిపి చెబితేనే అవతలివాళ్లు తమ డాబాకు సరిచూసుకోగలరు.

4. పాత విత్తనాలకు ముందు పరీక్ష పెట్టండి. పది గింజలు తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట ఉంచండి. ఏడెనిమిది మొలిస్తే మంచి విత్తనమే. నాలుగైదే మొలిస్తే గుంటకు రెండింతలు వేయండి. కాకర గింజకు పెంకు గట్టి. కొనను గోళ్ల కత్తెరతో కొద్దిగా చిదిమి, రాత్రంతా నానబెట్టండి. బెండనూ నానబెట్టవచ్చు. దుకాణంలో కొన్న విత్తనాలకు రంగు పొడి ఉంటే అది మందు. వాటిని నానబెట్టకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

5. విత్తనం పంచితే రకం పేరూ రాయండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన 'అర్కా అనామిక' బెండ లాంటి వాటి విత్తనం దాచి మళ్లీ వేసుకోవచ్చు. అదే సంస్థ ఇచ్చిన 'అర్కా రక్షక్' టమాటా హైబ్రిడ్. దాని గింజ దాచి వేస్తే తల్లి లాంటి కాపు రాదు. పొట్లం మీద ఒక్క ముక్క రాయకపోతే తీసుకున్నవాళ్లు ఒక కాలమంతా నష్టపోతారు.

6. చిక్కుడును వేళ్లతో సహా పీకకండి. రథసప్తమికి కాయలతో రథం చేశాక చిక్కుడు పాదుకు పేనుబంక ముసురుతుంది. తెగులు లేని ఒక తీగ మీద కాయల్ని ఎండనిచ్చి, విత్తనానికి ఉంచుకోండి. మిగతా పాదును మట్టి మట్టానికి కోసేయండి. వేళ్ల మీది బుడిపెల్లో ఉన్న నత్రజని ఆ కుండీలోనే మిగిలి తర్వాత వేసే మొక్కకు అందుతుంది.

7. తీగజాతికి కుండీ పెద్దది కావాలి. సొర, బీరలకు కనీసం ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే లోతు ఉండాలి. అందులో ఒకటి రెండు మొక్కలు చాలు. బెండకు ఒక అడుగు కుండీ సరిపోతుంది. పాత మట్టిని రెండు రోజులు ఎండలో పరిచి, నాలుగో వంతు వర్మీకంపోస్టు లేదా బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. పచ్చిపేడ వేస్తే వేళ్లు మాడతాయి.

8. ఇప్పుడు టమాటా నారు పోయకండి. ఫిబ్రవరిలో పోసిన నారు పూతకొచ్చేసరికి ఏప్రిల్ ముగుస్తుంది. రాత్రుళ్లు 24 డిగ్రీలు దాటితే పూత నిలవదు, రాలిపోతుంది. ఉన్న మొక్కల్నే కాపాడుకోండి. పాలకూర, కొత్తిమీర ఎండకు త్వరగా పూతకెళతాయి కాబట్టి నీడపట్టున కొద్దికొద్దిగా వేసుకోండి. ఎండాకాలం మనల్ని ఆదుకునే ఆకుకూరలు తోటకూర, గోంగూర, బచ్చలి.

9. పూత వేళను గుర్తుంచుకోండి. పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయంటే చాలాసార్లు పుప్పొడి అందకనే. పై అంతస్తులకు తేనెటీగలు తక్కువగా వస్తాయి. సొర, బీర, పొట్ల సాయంత్రం పూస్తాయి. కాకర, గుమ్మడి, దోస పొద్దున్నే పూస్తాయి. మగపువ్వు తుంచి, రేకులు తీసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. దీపం పెట్టే వేళకు డాబా ఎక్కితే ఒక పని అయిపోయినట్టే.

10. పైపులో మొదటి నీళ్లు మొక్కకు పోయకండి. మార్చి వచ్చిందంటే ఎండలో పడున్న పైపులో నీళ్లు కాగిపోతాయి. వాటిని బకెట్లో పట్టి చల్లారనివ్వండి. నీళ్లు పొద్దున్నే పెట్టండి. వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి, తడి తగిలితే ఆ పూట మానేయండి.

11. వేపాకు ఊడ్చి పారేయకండి. మాఘ, ఫాల్గుణాల్లో వీధిలో వేప, రావి ఆకులు రాలుస్తాయి. ఆ ఎండుటాకుల్ని కుండీలో రెండంగుళాల మందాన పరిస్తే మట్టి తడి నిలుస్తుంది, ఎండకు వేళ్లు కాగవు. మొక్క మొదలుకు మాత్రం ఆనించకండి.

12. మల్లెకు కత్తెర పెట్టండి. సంక్రాంతి దాటాక పాత కొమ్మల్ని మోకాలెత్తుకు కత్తిరించి, ఆకులు దూసి, ఎరువేసి నీళ్లిస్తే కొత్త చిగుళ్లతో పాటే మొగ్గలొస్తాయి. ఇప్పటిదాకా చేయకపోతే ఈ ఆదివారమే చేయండి.

13. పురుగును ఆకు అడుగున వెతకండి. ఎండ పెరిగేకొద్దీ మిరపకు తామర పురుగు, మందారానికి పిండినల్లి వస్తాయి. లీటరు నీటికి ఒక చెంచా వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి, ఎండ దిగాక ఆకుల అడుగున పిచికారీ చేయండి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి.

14. పందిరిని గాలికి ముందే బిగించండి. మార్చి, ఏప్రిల్‌లలో సాయంత్రాలు ఉరుములతో ఈదురుగాలి, ఒక్కోసారి వడగళ్లూ వస్తాయి. తెలంగాణ వాళ్లకు ఇది కొత్త కాదు. పందిరి కట్లు మళ్లీ బిగించండి. పిట్టగోడ మీది కుండీలను కిందికి దించండి. అవి పడితే పోయేది మొక్క ఒక్కటే కాదు, కింద నడిచేవాళ్ల తల కూడా.

15. పాల లెక్క పక్కనే తోట లెక్క రాయండి. గోడ క్యాలెండర్‌లో ఆ రోజు గడిలోనే తెల్లవారుజాము డిగ్రీలు, విత్తినవి, మొలిచినవి రాసుకోండి. రెండేళ్లు రాస్తే మీ డాబాకు సరిపోయే పంచాంగం మీ చేతికొస్తుంది.

థర్మామీటరు లేనివాళ్లకు మా ఇంటి కొలత ఒకటుంది. ఈ ఏడు కూడా జనవరి చివర్లో అక్క ఫోన్ చేసి "బీర పెట్టేశానే" అంది.

"రాత్రిళ్లు ఎంతుంటోందక్కా?"

"ఎంతో నాకేం తెలుసే? ఫ్యానేసుకుని పడుకుంటున్నాం."

మేమింకా రగ్గు కప్పుకుంటున్నాం. విత్తనాల పొట్లం తీసుకెళ్లి మళ్లీ పోపులపెట్టె పక్కన పెట్టేశాను.