ట్రాక్టర్ లిఫ్ట్ ఎందుకు ఎత్తడం లేదు? పాత హైడ్రాలిక్స్‌లో లోపాన్ని పట్టుకునే పద్ధతి

దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్ వెనుక ఉన్న కల్టివేటర్ పైకి లేవకపోతే పని ఆగిపోతుంది. చాలా చోట్ల వెంటనే పంపు పోయిందనే నిర్ణయానికి వచ్చి లిఫ్ట్ కవర్ విప్పేస్తారు. లోపం కొన్నిసార్లు ఆయిల్ తగ్గడంలోనో, జల్లెడ మూసుకుపోవడంలోనో ఉంటుంది. లక్షణాన్ని బట్టి వరుసగా పరీక్షించుకుంటూ వెళితే డబ్బు, సమయం రెండూ మిగులుతాయి. అందుకు లిఫ్ట్ పనిచేసే తీరు తెలియాలి.

లిఫ్ట్ వెనుక ఉన్న శాస్త్రం

మూసి ఉన్న ద్రవంపై కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ వివరించాడు. లిఫ్ట్ ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. ఉదాహరణకు సిలిండర్ వ్యాసం 75 మిల్లీమీటర్లు అనుకుంటే పిస్టన్ వైశాల్యం సుమారు 44 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల పీడనం ఉంటే పిస్టన్‌పై దాదాపు 6,600 కిలోల బలం పడుతుంది. లోపలి పొట్టి చేయి, బయటి పొడవు చేతుల అమరిక వల్ల పనిముట్టు దగ్గరకు చేరేది అందులో కొంత భాగమే. అది ఆరో వంతు అనుకున్నా 1,100 కిలోలు ఎత్తవచ్చు.

ఈ హైడ్రాలిక్ శక్తిని మూడు బిందువుల అనుసంధానంతో కలిపి, నాగలి లోతును తనంతట తానే సరిచేసుకునే ఏర్పాటును రూపొందించినవాడు ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్. 1946లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో తయారీ మొదలైన టీఈ20 ట్రాక్టర్‌తో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. ఆ వారసత్వంలోని మాస్సీ ఫెర్గూసన్ నమూనాలను మన దేశంలో 1960లో మొదలైన టాఫే సంస్థ తయారు చేసింది. ఈ తరహా పాత ట్రాక్టర్లలో పంపు గేర్‌బాక్స్ వెనుక భాగంలోని ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. సిలిండర్‌కు ఒక వైపు నుంచే ఆయిల్ వెళుతుంది. అంటే ఎత్తేది ఆయిల్, దించేది పనిముట్టు బరువు.

విప్పకముందు చూడాల్సినవి

ట్రాక్టర్‌ను సమతల నేల మీద నిలిపి, పనిముట్టును పూర్తిగా దించి, ఇంజిన్ ఆపి ఆయిల్ మట్టం చూడాలి. లిఫ్ట్ పైన ఉంటే కొంత ఆయిల్ సిలిండర్‌లో ఉండిపోయి మట్టం తప్పుగా కనిపిస్తుంది. టిప్పింగ్ ట్రాలీ జాకీకి కూడా ఇదే ఆయిల్ వెళుతుంది కాబట్టి, ట్రాలీ ఎత్తినప్పుడు లోపల మట్టం బాగా పడిపోతుంది. వేరే ట్రాక్టర్‌తో వాడిన ట్రాలీ నుంచి మురికి ఆయిల్ లోపలికి రావచ్చు.

ఫెర్గూసన్ తరహా పాత నమూనాల్లో పంపును పీటీఓ షాఫ్ట్ తిప్పుతుంది. పీటీఓ లివర్ న్యూట్రల్‌లో ఉంటే పంపు తిరగదు, లిఫ్ట్ కదలదు. పొజిషన్, డ్రాఫ్ట్ లివర్లు రెండూ మాన్యువల్ చెప్పిన గుర్తుల దగ్గర ఉన్నాయో లేదో కూడా చూడాలి.

తరువాత కొద్దిగా ఆయిల్‌ను గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడాలి. నురుగు కాసేపటికి తేలి పోతే గాలి చేరినట్టు. మజ్జిగలా తెల్లగా అలాగే ఉండిపోతే నీరు కలిసినట్టు. దమ్ములో లోతు నీటిలో తిరిగినప్పుడు, నీళ్లు కొట్టి కడిగినప్పుడు పాడైన సీళ్ల గుండా నీరు లోపలికి వెళుతుంది. అలాంటి ఆయిల్‌ను మార్చడంతో పాటు నీరు వచ్చే దారిని కూడా మూయాలి.

లక్షణాన్ని బట్టి లోపం

అసలు లేవకపోతే ముందు పీటీఓ లివర్, ఆయిల్ మట్టం, స్ట్రెయినర్ చూడాలి. ఇవి బాగుంటేనే కంట్రోల్ వాల్వ్, పంపులపై అనుమానం పెట్టుకోవాలి.

కుదుపులతో లేస్తూ పంపు రొద చేస్తుంటే పంపు పీల్చే వైపు గాలి చేరుతోందని అర్థం. ఆయిల్ దాదాపుగా నొక్కుకుపోదు, గాలి సులభంగా నొక్కుకుపోతుంది. అందుకే కదలిక అతుకులు అతుకులుగా ఉంటుంది.

చల్లగా ఉన్నప్పుడు బాగా ఎత్తి, గంట పని తరువాత ఎత్తకపోతే అది అరుగుదలకు గుర్తు. వేడెక్కిన ఆయిల్ పల్చబడి సందుల్లోంచి ఎక్కువగా జారిపోతుంది. ఇరుకైన సందులోంచి కారే ఆయిల్ ఆ సందు వెడల్పు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. సందు రెట్టింపైతే కారడం ఎనిమిది రెట్లవుతుంది. పంపు పిస్టన్లు, వాల్వ్‌లు కొద్దిగా అరిగినా శక్తి ఎందుకు పడిపోతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. దీనికి విరుద్ధంగా ఉదయం చల్లగా ఉన్నప్పుడే నెమ్మదిగా ఎత్తి, వేడెక్కాక బాగుపడితే స్ట్రెయినర్ మూసుకుపోవడమో, ఆయిల్ మరీ చిక్కగా ఉండటమో కారణం కావచ్చు.

ఖాళీగా లేచి, బరువు తగిలితే ఆగిపోతే పీడనం చాలడం లేదు. పరీక్షా రంధ్రానికి ప్రెషర్ గేజి బిగించి, మాన్యువల్‌లోని అంకెతో పోల్చాలి. తక్కువ ఉంటే రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ బలహీనపడి ఉండొచ్చు, లేదా పంపు అరిగి ఉండొచ్చు. గేజి లేకుండా రిలీఫ్ వాల్వ్‌ను బిగించడం ప్రమాదకరం. పీడనం హద్దు దాటితే సిలిండర్, కవర్ పగిలే అవకాశం ఉంది.

పైకి లేచాక తల ఊపినట్టు కొద్దిగా దిగడం, మళ్లీ లేవడం జరుగుతుంటే ఆయిల్ ఎక్కడో జారిపోతోంది. దిగినంతా వాల్వ్ తెరిచి పంపు మళ్లీ నింపుతోంది. పనిముట్టును పూర్తిగా ఎత్తి ఇంజిన్ ఆపి, ఎంత తొందరగా దిగుతుందో దూరం నుంచి గమనించాలి. త్వరగా దిగిపోతే పిస్టన్ రింగు, సిలిండర్ గీతలు, గొట్టాల కొసల ఓ-రింగులు, రిలీఫ్ వాల్వ్‌లలో ఒకటి కారణం. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి ఓ-రింగు పట్టు కోల్పోతుంది.

అసలు దిగకపోతే బరువు సరిపోతోందా, దించే వేగాన్ని నియంత్రించే రెస్పాన్స్ నాబ్ మూసి ఉందా, లిఫ్ట్ షాఫ్ట్ బిగుసుకుందా అన్నవి చూడాలి.

ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు

ఎత్తి ఉన్న పనిముట్టును ఆయిల్ మాత్రమే మోస్తోంది. ఒక ఓ-రింగు తెగితే అది ఒక్కసారిగా కిందికి పడుతుంది. దాని కింద చేయి పెట్టే ముందు బలమైన దిమ్మెలు ఆన్చాలి. పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు. పని అయ్యాక పనిముట్టును దించి ఇంజిన్ ఆపడం మేలు.

సన్నని రంధ్రం నుంచి చిమ్మే అధిక పీడన ఆయిల్ చర్మంలోకి చొచ్చుకుపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించే ఈ గాయం లోపల కణజాలాన్ని పాడు చేస్తుంది. లీకును వేలితో కాక అట్టముక్కతో వెతకాలి. ఆయిల్ చర్మంలోకి వెళితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏం జరిగిందో డాక్టరుకు చెప్పాలి.

మట్టం, స్ట్రెయినర్, ఆయిల్ రంగు, వేడి-చల్లని పరీక్ష, ఇంజిన్ ఆపి చేసే పరీక్ష, చివరగా గేజి. ఈ వరుస పాటిస్తే మెకానిక్ దగ్గరకు వెళ్లేసరికి కవర్ విప్పాలా వద్దా అన్న ప్రశ్నకు సగం జవాబు చేతిలో ఉంటుంది.